టెక్సాస్‌లో హోమ్‌స్టెడ్ (మనమే ఉండే సొంతింటికి ఇచ్చే ట్యాక్స్ తగ్గింపు) లేకపోవడంతో ఇంటి ట్యాక్స్ పెరిగితే నేనెలా సరిచేశానంటే

ఇల్లు కొన్న మరుసటేడు ఎస్క్రో (ఇంటి ట్యాక్స్, ఇన్సూరెన్స్ కోసం లోన్ కంపెనీ నెలనెలా తీసుకునే డబ్బు) పెరిగి నెల పేమెంట్ బాగా ఎక్కువైంది, ఎందుకో చూద్దామని కౌంటీ రికార్డులు తీశా. ఇక్కడ ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్, బిల్లు వసూలు చేసేది ట్యాక్స్ ఆఫీసు, దేని సైట్ దానిదే. అప్రైజల్ సైట్‌లో వెతకడానికి ఇంటి నంబరు, వీధి పేరు చాలు, డ్రైవ్, లేన్ లాంటివి కలిపి కొడితే ఒక్కోసారి ఏమీ రాదు. చూస్తే మార్కెట్ వాల్యూ, అప్రైజ్డ్ వాల్యూ (పెరుగుదల పరిమితి ఉంటే అది లెక్కేశాక వచ్చేది), ట్యాక్సబుల్ వాల్యూ (తగ్గింపులు పోగా ట్యాక్స్ పడేది) మూడూ ఒకటే అంకె, ఎగ్జెంప్షన్స్ (తగ్గింపులు) దగ్గర ఖాళీ! పాత ఓనర్ హోమ్‌స్టెడ్ మనకి రాదండి, మన పేరు మీద మళ్ళీ అప్లై చేయాలి. ఫారం 50-114 నింపి, ఇదే అడ్రస్ ఉన్న డ్రైవింగ్ లైసెన్స్ కాపీ పెట్టి అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి పంపా, సరైపోయింది. ఫీజేమీ లేదు, డబ్బులడుగుతూ వచ్చే ఉత్తరాలు దయచేసి నమ్మకండి. ఒక్క స్కూల్ ట్యాక్స్‌కే 2025 నుంచి 1,40,000 డాలర్ల విలువ తగ్గిస్తారు, పైగా హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటేడు నుంచి, ఇంటికి కొత్తగా నిర్మాణమేమీ చేయకపోతే, అప్రైజ్డ్ వాల్యూ ఏడాదికి 10 శాతం మించి పెరగదు. లేటైనా, ట్యాక్స్ గడువు దాటి బాకీ పడే తేదీ నుంచి రెండేళ్ళ వరకు అప్లై చేయొచ్చు, కట్టేసిన ట్యాక్స్‌లో ఎక్కువైంది రిఫండ్ వస్తుంది. అసలు విలువే ఎక్కువ వేశారనిపిస్తే అది వేరే దారి, మే 15 లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే ఆ లోపు ప్రొటెస్ట్ (విలువ మీద అభ్యంతరం) వేయాలి.