గోల్ పడ్డట్టు నీకంటే ముందు పక్కింటికి తెలుస్తుంది

జర్మనీకి కొత్తగా వచ్చావు, ఫుట్‌బాల్ యూరో కప్పో ప్రపంచకప్పో మొదలవబోతోంది. ఆన్‌మెల్డుంగ్ (చిరునామా నమోదు), బ్యాంకు ఖాతా, సిమ్ గురించి ఈపాటికి నలుగురూ చెప్పే ఉంటారు. ఎవరూ చెప్పనిది వేరే ఉంది.

లాప్‌టాప్‌లో మ్యాచ్ చూస్తే సరిపోతుందనుకుంటావు. సరిపోదు. డిష్ ఉన్న ఇంటికి బొమ్మ అందరికంటే ముందు వస్తుంది. కేబుల్‌కీ యాంటెన్నాకీ కొన్ని సెకన్లు ఆలస్యం. యాప్‌లో అయితే ఇరవై నుంచి నలభై సెకన్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఇంటర్నెట్లో వీడియోను ముక్కలు చేసి పంపుతారు, కొన్ని ముక్కలు పోగయ్యాకే నీ ప్లేయర్ మొదలుపెడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లకు ఏసీలుండవు, జూన్‌లో కిటికీలన్నీ బార్లా తెరిచే ఉంటాయి. నీ తెర మీద బంతి ఇంకా మధ్య గీత దగ్గరే ఉంటుంది, వీధంతా "టోర్!" (గోల్!) అని అరుస్తుంది. క్రికెట్లో ఒక ఫోర్ ముందే తెలిసినా ఇంకో ఓవర్ ఉంటుంది. ఇక్కడ తొంభై నిమిషాలకు రెండో మూడో గోల్స్.

కాబట్టి టోర్నమెంటుకు వారం ముందే యాంటెన్నా చూసుకో. ఇంట్లో పెట్టుకునేది పదిహేను నుంచి ముప్పై యూరోలకు దొరుకుతుంది. జనం చందాతో నడిచే ఛానెళ్లు ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ దాంట్లో ఉచితమే. అసలు చిక్కు టీవీతో. జర్మనీలో యాంటెన్నా ప్రసారం డీవీబీ-టీ2 హెచ్‌డీ అనే డిజిటల్ ప్రమాణంలో, హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతిలో వస్తుంది. పాత సామాన్లు అమ్మే క్లైన్‌ఆన్‌సైగెన్ సైట్‌లో ముప్పై యూరోలకు కొన్న పాత టీవీ దాన్ని చదవలేదు. పెట్టె మీద ఆకుపచ్చ డీవీబీ-టీ2 హెచ్‌డీ గుర్తు ఉందో లేదో అడిగి కొను, లేదంటే విడిగా రిసీవర్ కొనాల్సిందే. స్కాన్ చేసేటప్పుడు మూలం "కేబుల్" కాదు, "యాంటెన్నా" అని పెట్టు. చాలామంది ఇక్కడే బోల్తా పడి టీవీని తిడతారు. యాంటెన్నాను కిటికీ దగ్గర పెట్టు, హీటర్ వెనక కాదు.

గోడలో కేబుల్ సాకెట్ ఉందిగా అంటావా? 2024 జులై 1 నుంచి ఇంటి యజమాని కేబుల్ ఖర్చును నెబెన్‌కోస్టెన్‌లో (అద్దెతో పాటు వసూలు చేసే ఇతర ఖర్చుల్లో) కలపకూడదు. సొంత ఒప్పందం లేకపోతే ఆ సాకెట్ చచ్చినట్టే అనుకో.

యాప్ తప్ప గతి లేదంటే పాజ్ నొక్కకు. ఎంతసేపు ఆపితే అంత ఆలస్యం దాని మీద చేరుతుంది, మళ్లీ "లైవ్" నొక్కేదాకా పోదు. స్కోరు యాప్ నోటిఫికేషన్లూ, హైదరాబాద్ స్నేహితుల వాట్సాప్ గ్రూపూ ఆ రెండు గంటలు కట్టేసెయ్. అన్నట్టు, ఇంటికి నెలకు 18.36 యూరోల రుండ్‌ఫుంక్ (టీవీ, రేడియో ప్రసార) చందా ఎలాగూ కడుతున్నావు, టీవీ ఉన్నా లేకపోయినా. వీజీలో (నలుగురు కలిసి అద్దెకుండే ఇంట్లో) అయితే ఇంటికంతా ఒక్కరు కడితే చాలు, పంచుకోండి.

బయట పెద్ద తెర దగ్గరికి వెళ్తే ఈ గొడవ ఉండదు, గోల్ అందరికీ ఒకేసారి. గ్లాసుకు ఫాండ్ (డిపాజిట్) రెండు మూడు యూరోలు పట్టుకుంటారు, తిరిగిస్తే వెనక్కొస్తాయి. పెద్ద బ్యాగు తీసుకెళ్లకు, గాజు సీసా లోపలికి రానివ్వరు. చేతిలో కొంత నగదు ఉంచుకో, చిన్న బీర్‌గార్టెన్‌లో (ఆరుబయట బీరు తోటలో) కార్డు చెల్లకపోవచ్చు. గెలిచిన రాత్రి కార్లన్నీ హారన్లు కొడుతూ వీధులు నింపేస్తాయి, బస్సులూ ట్రామ్‌లూ ఆగిపోతాయి. ఉ-బాన్ (భూగర్భ మెట్రో) పట్టుకో.

రాత్రి పది తర్వాత నాహ్ట్‌రూయె, అంటే శబ్దం గది దాటకూడదు. తొమ్మిదింటి మ్యాచ్ పెనాల్టీల దాకా పోతే పదకొండున్నర దాటుతుంది. బహిరంగ తెరలకు మున్సిపాలిటీ ప్రత్యేక అనుమతి ఇస్తుంది, నీ బాల్కనీకి ఎవరూ ఇవ్వలేదు. గోల్‌కు ఒక అరుపు అరిస్తే ఎవరూ ఏమీ అనరు. స్పీకర్ పెట్టి పాటలేస్తే పోలీసులు వస్తారు.

సరే, మరీ బెంబేలు పడకు. ఆఫ్‌సైడ్ తెలియదని ఇక్కడెవరూ నవ్వరు, ఎదురుగా ఉన్న బీరు సీసాలతో అక్కడికక్కడే చూపిస్తారు. జెర్సీ కొనక్కర్లేదు. పక్కింటావిడ తలుపు తట్టి మ్యాచ్‌కు రమ్మంటే మొహమాటపడకుండా ఒక చిప్స్ ప్యాకెట్ పట్టుకుని వెళ్లు. ఆవిడ ఇంట్లో డిష్ ఉంది.