పిల్లల తెలుగు వ్యాసాలు ఎలా దిద్దాలి?

ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ తేదీ దగ్గరపడుతోందంటే విశాఖ స్కూళ్లలో వ్యాసరచన పోటీల హడావుడి మొదలవుతుంది. మద్దిలపాలెంలో ట్యూషన్ చెప్పే నా బల్ల మీదకీ కాగితాల కట్ట వస్తుంది.

మొదట్లో ఎర్ర పెన్ను పట్టుకుని, కనబడిన ప్రతి తప్పూ కొట్టేసి, పైన సరైన మాట నేనే రాసేదాన్ని. ఒకసారి ఏడో తరగతి పాప రెండు పేజీలు రాసి తెచ్చింది. అలాగే దిద్ది ఇచ్చాను. మరుసటి వారం అర పేజీయే రాసింది. ఒక్క తప్పూ లేదు, కానీ తన మాట కూడా ఒక్కటీ లేదు. ఆ కాగితం చూశాక పద్ధతి మార్చుకున్నాను. ఇంట్లో పిల్లల వ్యాసాలు చూసే అమ్మానాన్నలకూ ఇది పనికొస్తుంది.

1. మొదటిసారి పెన్ను లేకుండా చదవండి

చివరిదాకా చదివి, పిల్లాడు ఏం చెప్పాలనుకున్నాడో ఒక్క వాక్యంలో మీకు మీరే చెప్పుకోండి. అది తేలకపోతే వ్యాకరణం తర్వాతి సంగతి. పిల్లాణ్ని పిలిచి నోటితో చెప్పమనండి. చాలాసార్లు రాసినదానికంటే చెప్పిందే బాగుంటుంది. దాన్నే రాయించండి.

2. రెండోసారి వాక్యాలు చూడండి

అక్షర దోషాల జోలికి ఇంకా వెళ్లొద్దు. ఈ వాక్యం చూడండి:

"నిన్న మేము ఆర్కే బీచ్‌కి వెళ్లి, సబ్‌మెరైన్ చూసి, అలలు పెద్దగా వచ్చాయి."

ఒక్క అక్షరమూ తప్పు లేదు. అయినా వాక్యం నిలబడదు. వెళ్లిందీ చూసిందీ మేము, వచ్చింది అలలు. వెళ్లి, చూసి, తిని లాంటి అసమాపక క్రియలకూ చివరి క్రియకూ మామూలుగా కర్త ఒకరే ఉండాలి. ఈ తప్పు నాకు ప్రతి కట్టలోనూ కనబడుతుంది. మీరు సరిచేయకండి. "చూసిందెవరు? వచ్చిందేమిటి?" అని అడగండి. చాలామంది పిల్లలు అక్కడే ఆగి, "చూశాం. అప్పుడు అలలు పెద్దగా వచ్చాయి" అని వాళ్లే విడగొట్టేస్తారు.

దీన్ని గుడ్డిగా పట్టుకోకూడదు కూడా. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను గురించి ఇంట్లో విన్నవి పిల్లలు ఇప్పటికీ రాస్తారు. "తుఫాను వచ్చి చెట్లు కూలిపోయాయి" అంటే కర్తలు ఇద్దరైనా వాక్యం సరైనదే, ఎందుకంటే మొదటిది రెండోదానికి కారణం. "తుఫాను వచ్చి నాన్న ఆఫీసులో ఉన్నారు" అంటే మాత్రం కుదరదు. 'వచ్చినప్పుడు' అనాలి.

3. ఇప్పుడు అక్షరాలు

పెన్సిల్ తీసుకోండి. తప్పు మాట కింద గీత గీసి, అక్షర దోషమైతే మార్జిన్‌లో 'అ', వాక్య దోషమైతే 'వా' అని రాస్తే చాలు. ఎక్కువగా దొరికేవి ఒత్తుల తప్పులే. 'శ్రద్ధ', 'పద్ధతి'లో ఒత్తు వదిలేస్తారు. 'బాధ'లో అక్కర్లేని ఒత్తు చేర్చి 'భాధ' అంటారు. 'అర్థం', 'అర్ధం' దగ్గర పెద్దవాళ్లమూ తడబడతాం. మాటకుండేది అర్థం, అర్ధరాత్రిలో ఉన్నది సగం.

ఒకే రకం తప్పు పదిసార్లు వస్తే అది పది తప్పులు కాదు, ఒకటే. ఒకచోట గుర్తు పెట్టి, మిగతావి వాళ్లనే వెతకమనండి.

4. ఇంటి మాటను తప్పనకండి

మన ఉత్తరాంధ్ర వైపు 'ఏమిటి'ని 'ఏటి' అని, పిల్లల్ని 'గుంట' అని, 'వెళ్లాను'ను 'ఎల్లాను' అని అంటాం. వ్యాసంలో తాత "ఏటి గుంటా, ఎప్పుడొచ్చావ్?" అన్నాడని ఉంటే ముట్టుకోకండి. ఆ తాత మాట్లాడేది అలాగే. పిల్లాడు తన మాటగా 'ఎల్లాను' అని రాస్తే, "ఇంట్లో ఇది సరైనదే, పరీక్షలో వెళ్లాను అని రాయి" అని చెప్పండి.

నేను గట్టిగా గీత గీసేది 'యొక్క', 'బడింది' కింద. "మా నగరం యొక్క సముద్ర తీరం" ఎందుకు, "మా ఊరి సముద్ర తీరం" ఉండగా? "కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంగా మార్చబడింది" కాదు, "కురుసుర సబ్‌మెరైన్‌ను మ్యూజియంగా మార్చారు". వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టింది మనకు దగ్గర్లోనే, శ్రీకాకుళం వైపు పర్వతాలపేటలో. భాషా దినోత్సవం ఆయన పుట్టినరోజే. ఆ రోజు కోసం రాసే వ్యాసాల్లో ఎవరూ మాట్లాడని తెలుగు కనబడితే నాకు నిజంగా బాధేస్తుంది.

5. తిరిగి ఇచ్చేటప్పుడు

కింద రెండే వాక్యాలు రాయండి. మొదటిది మీకు నచ్చిన వాక్యం గురించి. ఊరికే 'బాగుంది' అనకుండా, ఏ వాక్యమో చూపించండి. రెండోది తర్వాతి వ్యాసంలో చూసుకోవలసిన ఒకే ఒక్క విషయం.

వ్యాసమంతా తిరిగి రాయించొద్దు. గుర్తు పెట్టిన వాక్యాలు మాత్రమే మీ ఎదుటే సరిచేయించి, గట్టిగా చదివించండి. మధ్యలో ఊపిరి అందక ఆగినచోట ఫుల్‌స్టాప్ పెట్టాలేమో వాళ్లనే చూసుకోమనండి.