తిండి మీద విన్న మాటను ఇంట్లోనే తూచి చూడడం ఎలా

గుంటూరులో భోజనానికి కూర్చుంటే విస్తరిలో పదార్థాలతో పాటు వాటి గురించిన హెచ్చరికలు కూడా వడ్డిస్తారు. కారం ఎక్కువైతే కడుపులో పుండ్లు పడతాయని ఒకరు, మామిడిపండు వేడి చేస్తుందని మరొకరు, చేపల పులుసు తిన్న పూట పెరుగు వేసుకుంటే బొల్లి వస్తుందని ఇంకొకరు చెబుతారు. చేయి కడుక్కునేలోగా వాట్సాప్‌లో మరో రెండు వచ్చి చేరతాయి. వీటన్నిటినీ నమ్మేవారు ఉన్నారు, అన్నిటినీ మూఢనమ్మకాలని కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఇద్దరూ పరీక్షించే శ్రమను తప్పించుకున్నవారే అని నా అభిప్రాయం. తిండి విషయంలో ఒకే మాటలో సగం నిజమూ సగం పొరపాటూ కలిసి ఉండడం చాలా మామూలు. వాటిని విడదీయడానికి ఒక కాగితం, ఒక థర్మామీటరు, కొంచెం ఓపిక ఉంటే చాలావరకు సరిపోతుంది.

మొదట చేయవలసిన పని, విన్న మాటను పూర్తి వాక్యంగా రాసుకోవడం. ఏ పదార్థం, ఎంత తింటే, ఎవరికి, ఎన్నాళ్లలో, ఏమవుతుంది అన్న ప్రశ్నలన్నిటికీ ఆ వాక్యంలో జవాబు ఉండాలి. "వేడి చేస్తుంది" అన్న మాటను ఇలా రాయబోతే అది ఒక మాట కాదని వెంటనే తెలుస్తుంది. ఒంటి వేడి పెరగడానికీ, సెగగడ్డలు లేవడానికీ, మూత్రంలో మంటకూ, నోటి పూతకూ మనం అదే మాట వాడుతున్నాము. ఒంటి వేడి సంగతిని థర్మామీటరు తేల్చగలదు. నీడపట్టున అరగంట కూర్చుని ఒకసారి, రెండు రసం మామిడిపండ్లు తిన్న గంట తరువాత మరొకసారి చూసి, నాలుగైదు రోజుల అంకెలను పక్కపక్కన రాసుకోండి. పండు తినని రోజుల్లో కూడా అవే వేళలకు చూసి రాస్తేనే పోలికకు అర్థం ఉంటుంది. సెగగడ్డలు మాత్రం వెంట్రుకల కుదుళ్లలో స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా చేరడం వల్ల లేస్తాయి. విజయవాడలో మే నెల చెమటా, నున్న మార్కెట్టు మామిడీ ఒకేసారి వస్తాయి కనుక నింద పండు మీద పడింది. మూత్రంలో మంటకు ఆ ఎండలో చాలినన్ని నీళ్లు తాగకపోవడం ఒక కారణం. నీళ్లు తాగినా రెండు రోజుల్లో తగ్గకపోతే మూత్ర పరీక్ష చేయించుకోవాలి.

అయినా మామిడిపండ్లను నీళ్లలో నానబెట్టి కడగమనే పెద్దల అలవాటు మంచిదే. తొడిమ దగ్గర కారే సొనలో చర్మాన్ని రేపే పదార్థాలు ఉంటాయి, అది మూతికి అంటితే మంట, దద్దురు రావచ్చు. చెప్పిన కారణం తప్పని తేలినంత మాత్రాన అలవాటును పారేయకూడదు.

మిరపకాయ దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలుస్తాను, ఎందుకంటే మన జిల్లాకు దానితో ఉన్న బంధం అటువంటిది. మిర్చి యార్డు గేటు దాటకముందే దగ్గు అందుకోవడం ఎరిగినవారిలో కూడా, ఘాటంతా గింజల్లోనే ఉంటుందన్న నమ్మకం గట్టిగా ఉంది. ఒక పచ్చిమిరపకాయను నిలువునా చీల్చి, కొసన ఉన్న కండను గోరంత, బాగా కడిగిన గింజను ఒకటి, గింజలు అంటిపెట్టుకుని ఉండే తెల్లటి భాగాన్ని గోరంత, మధ్య మధ్య పది నిమిషాలు ఆగుతూ నాలుక కొసన పెట్టి చూడండి. ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ తయారయ్యేది ఆ తెల్లటి భాగంలోనే. గింజకు ఉన్న ఘాటు దానిని ఆనుకుని ఉండడం వల్ల అంటినది. మంట తగ్గడానికి ఒకసారి మంచినీళ్లు, మరోసారి మజ్జిగ పుక్కిలించి ఏది త్వరగా ఉపశమనం ఇచ్చిందో గమనించండి. క్యాప్సైసిన్ నీటిలో దాదాపుగా కరగదు, పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు మాత్రం దాన్ని పట్టుకుని నాలుక మీది నుంచి తీసుకుపోతుంది. గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు తిన్న తరువాత పెరుగన్నంతో ముగించడం ఎంత తెలివైన పద్ధతో అప్పుడు తెలుస్తుంది. పరీక్ష అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోనిదే కళ్లు ముట్టుకోవద్దు.

ఆ మంట నిజంగా కాలడం కాదు. వేడిని పసిగట్టే నరాల గ్రాహకాన్నే క్యాప్సైసిన్ కదిలిస్తుందని కనిపెట్టినందుకు డేవిడ్ జూలియస్ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని పంచుకున్నారు. చిలకలు పండుమిరపకాయలను తాపీగా తినగలగడానికి కారణం, పక్షులలో ఆ గ్రాహకం క్యాప్సైసిన్‌కు స్పందించకపోవడమే.

ఇక పుండ్ల సంగతి. కడుపు పుండ్లకు చాలావరకు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కారణమని ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగి కడుపువాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రెండో ముఖ్య కారణం నొప్పి మాత్రలు. మోకాళ్ల నొప్పులకు నెలల తరబడి మాత్రలు మింగుతూ, కడుపులో మంట వస్తే ఆవకాయను తిట్టుకునే పెద్దవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే వారు ఆవకాయను మానేసి మాత్రలను కొనసాగిస్తారు. ఇక్కడ అడగవలసిన ప్రశ్న, ఈ పదార్థం జబ్బును కలిగిస్తుందా, లేక ఉన్న జబ్బును రెచ్చగొడుతుందా అన్నది. పుండు గానీ ఎసిడిటీ గానీ ఇప్పటికే ఉన్నవారికి కారం మంటను పెంచవచ్చు. తిన్నదీ మంట వచ్చిన వేళా రెండు వారాలు రాసుకుంటే తమకు ఎంత కారం పడుతుందో వారికే తెలుస్తుంది. నల్లటి విరేచనం గానీ రక్తపు వాంతి గానీ అయితే మాత్రం పుస్తకం మూసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆవకాయలో నిజంగా లెక్కపెట్టవలసినది ఉప్పు. రోజుకు మనిషికి 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జాడీకి ఎంత ఉప్పు వేశారో రాసి పెట్టుకుని, అది ఎందరికి ఎన్ని రోజులు వచ్చిందో చూడండి. కిలో ఉప్పు పడిన జాడీని నలుగురు ఏడాదంతా తింటే రోజుకు తలా గ్రాము కూడా పడదు, నాలుగు నెలల్లో ఖాళీ చేస్తే రెండు గ్రాములు దాటుతుంది. కూర, పప్పు, చారులలోని ఉప్పు దానికి అదనం.

చేపల పులుసు, పెరుగు వంటి జోడింపుల విషయంలో మరో పరీక్ష ఉంది: ఆ పనిని మామూలుగా చేసే జనం ఎక్కడైనా ఉన్నారా అని అడగడం. బెంగాలీలు చేపను పెరుగులోనే వండుకుంటారు, ఆ వంటకానికి దోయి మాఛ్ అని పేరు. శరీర రక్షణ వ్యవస్థ చర్మానికి రంగునిచ్చే కణాలను తానే నాశనం చేయడం వల్ల బొల్లి వస్తుంది. అది తినే జోడింపుల వల్ల రాదు, అంటుకోదు. ఈ అపోహ చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మచ్చలు వచ్చిన ప్రతి ఆడపిల్లా "ఏం తిన్నావమ్మా" అన్న ప్రశ్నను జీవితాంతం మోయవలసి వస్తోంది. పుచ్చకాయ తిని నీళ్లు తాగితే కలరా వస్తుందనేదీ ఇటువంటిదే. కలరా విబ్రియో కలరే అనే బ్యాక్టీరియాతో కలుషితమైన నీటి వల్ల, ఆహారం వల్ల వస్తుంది, కనుక రోడ్డు పక్కన ఈగలు వాలిన ముక్కల పట్ల భయం సమంజసమే.

"వాడాము, తగ్గింది కదా" అన్న సాక్ష్యాన్ని అన్నిటికన్నా జాగ్రత్తగా తూచాలి. హెపటైటిస్ ఎ అనే కాలేయ వైరస్ వల్ల వచ్చే పచ్చకామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు వాటంతట అవే తగ్గుతాయి, కనుక ఆఖరున ఏ ఆకు పసరు తాగితే దానికి పేరు వస్తుంది. అదే కామెర్లు పిత్తాశయంలో రాళ్ల వల్లనో, హెపటైటిస్ బి వల్లనో వచ్చినప్పుడు పసరుతో గడిపిన రోజులన్నీ పోగొట్టుకున్న రోజులే. ముందు రక్త పరీక్ష, తరువాతే మరేదైనా.

ఇంట్లో పరీక్షించి చూడకూడనివి కొన్ని ఉన్నాయి. ఏడాది నిండని బిడ్డ నాలుకకు తేనె రాయకూడదు. అందులో ఉండగల, బొట్యులిజం అనే జబ్బును కలిగించే బ్యాక్టీరియా బీజాలు పసికందు పేగులో విషాన్ని తయారు చేస్తాయి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుడిని అడగకుండా కొబ్బరినీళ్లు తాగకూడదు, వాటిలో పొటాషియం ఎక్కువ. కాకరకాయ రసాన్ని నమ్మి షుగరు మాత్రలు ఆపకూడదు. బెల్లంలో అధిక భాగం చక్కెరలో ఉండే సుక్రోజే కనుక షుగరు ఉన్నవారికి అది మినహాయింపు కాదు.

మాట ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన పదార్థాల పోషక విలువలను పట్టికలుగా ప్రచురిస్తుంది. అపోహలను సరిదిద్దుతున్నామని చెప్పే మాటలను సైతం ఊరికే నమ్మకూడదు. దశాంశ బిందువు తప్పుగా పడడం వల్లనే పాలకూరకు ఇనుము విషయంలో అంత పేరు వచ్చిందన్న కథ ఎంతో ప్రచారం పొందింది, ఆ కథకే ఆధారం లేదని మైక్ సటన్ అనే బ్రిటిష్ పరిశోధకుడు 2010లో చూపించారు.

కల్తీ పరీక్షల వీడియోలకు ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడడం కల్తీకి గుర్తు కాదు, అది పసుపు స్వభావం. పారాణి అలాగే తయారవుతుంది. కారం విషయంలో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ చెప్పే పద్ధతి తేలిక: గ్లాసు నీళ్లలో చెంచా కారం వేసి, అడుగున దిగినదాన్ని వేళ్లతో రుద్దితే ఇటుక పొడి ఉన్నప్పుడు గరగరలాడుతుంది, నీటిలో కరిగే రంగు కలిపి ఉంటే చారలు చారలుగా కిందికి దిగుతుంది. కారంలో కల్తీగా కలిపే సుడాన్ అనే కృత్రిమ రంగులు మాత్రం నూనెలో కరిగేవి కనుక ఈ పరీక్షకు చిక్కవు. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తులలో ఫ్రాన్సు వాటిని గుర్తించింది ప్రయోగశాలలోనే. అందువల్ల గుంటూరులో ఉన్నవారికి నేను చెప్పేది, తొడిమలతో ఉన్న ఎండుమిరపకాయలు కొని, నల్లబడినవాటినీ బూజు పట్టినవాటినీ ఏరేసి, గలగలలాడేదాకా ఎండబెట్టి, దగ్గరుండి మర పట్టించుకోమని.