బయటి సర్వీసులను పిలుద్దాం, 7వ పాఠం: మీ హెడర్ అసలు బయల్దేరిందా?

ఆరో పాఠంలో కీని (సర్వీసు మనల్ని గుర్తుపట్టే రహస్య కోడ్) హెడర్‌లో (రిక్వెస్ట్‌తో పాటు పోయే పేరు-విలువ జత) పెట్టి వాతావరణ సర్వీసును పిలవమన్నాను. చాలామందికి 401 వచ్చింది, అంటే 'మీరెవరో రుజువు లేదు' అని సర్వీసు జవాబు. "పోస్ట్‌మ్యాన్‌లో (సర్వీసులను పిలిచి చూసే టూల్) వస్తోంది, పైథాన్‌లో రావట్లేదు, సర్వీసే సరిగ్గా లేదేమో" అన్నారు. ఆదివారం బెంగళూరు మారతహళ్లిలో ఇద్దరు తమ్ముళ్లు, ఒక చెల్లి ల్యాప్‌టాప్‌లు తెచ్చి చూపించారు. మూడింటిలోనూ ఒకటే తప్పు. అందులో నా వాటా కూడా ఉంది. "అడ్రస్ తర్వాత హెడర్ల డిక్షనరీ ఇవ్వండి" అని రాశాను కానీ, పేరు పెట్టి ఇవ్వమని రాయలేదు. అందుకే ఈ వారం చెప్పాల్సిన టైమౌట్లు (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్నది) పక్కన పెట్టాను.

పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో, సమాచారం అడిగే గెట్‌కి అడ్రస్ తర్వాత రెండో స్థానం పారామ్స్‌ది (అడ్రస్‌కి అతికే వివరాలు), హెడర్లది కాదు. అక్కడ ఉత్త డిక్షనరీ పెడితే లైబ్రరీ ఏ ఎర్రర్ ఇవ్వదు. దాన్ని అడ్రస్ చివర ప్రశ్నార్థకం తర్వాత అతికించి పంపేస్తుంది. సమాచారం పంపే పోస్ట్‌లో రెండో స్థానం డేటాది కాబట్టి అక్కడైతే మీ కీ బాడీలోకి (రిక్వెస్ట్ లోపలి సమాచారంలోకి) పోతుంది. సర్వీసు హెడర్లలో వెతుకుతుంది, కీ కనబడదు, 401 అంటుంది. బస్ పాస్ బ్యాగు అడుగున ఉంచుకుని కండక్టర్‌కి చూపించకపోతే టికెట్ కొట్టించుకోమనే అంటాడు. ఎప్పుడూ 'హెడర్స్ ఈక్వల్ టు' అని పేరు రాసే ఇవ్వండి.

ఆ ముగ్గురూ తప్పు దిద్దుకుని, 200 (అంతా సరే అన్న జవాబు) రాగానే లేచారు. నేను మళ్లీ కూర్చోబెట్టాను. ఎందుకంటే అసలు ప్రమాదం అప్పటికే జరిగిపోయింది. అడ్రస్‌లోకి ఎక్కిన కీ మామూలుగా అవతలి సర్వర్ లాగ్‌లో (జరిగినవి రాసుకునే ఫైల్) పడుతుంది. మధ్యలో కంపెనీ ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) మన ట్రాఫిక్‌ని విప్పి చూసేదైతే దాని లాగ్‌లోనూ పడుతుంది. మీ ప్రోగ్రాం ఎర్రర్ మెసేజ్‌లో అడ్రస్‌ని అచ్చువేస్తే మీ లాగ్‌లోనూ ఉంటుంది. ఆ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడితే గ్రూపులో అందరి ఫోన్లలోనూ ఉంటుంది. నాకు వచ్చిన స్క్రీన్‌షాట్లలో నాలుగింటిలో కీ మొత్తం కనిపించింది. కోడ్ దిద్దినంత మాత్రాన బయటికి పోయిన కీ వెనక్కి రాదు. పాతది రద్దు చేసి, కొత్తది తీసుకోండి. ఉచిత కీనే కదా అని వదలకండి. ఈ అలవాటు రేపు ఆఫీసులో డబ్బు కదిలించే కీ దగ్గరా ఇలాగే ఉంటుంది. నా మొదటి ఉద్యోగంలో ఇలాగే అడ్రస్‌లో పోయిన కీ కోసం ఒక రాత్రంతా టీమ్ మొత్తం లాగ్‌లు తుడుస్తూ కూర్చున్నాం.

సర్వీసును అనుమానించే ముందు మీరు ఏం పంపారో కళ్లతో చూడండి. హెచ్‌టీటీపీబిన్ సైట్‌లో 'గెట్' అనే అడ్రస్‌ని పిలిస్తే, తనకు అందినదంతా తిరిగి చూపిస్తుంది. హెడర్లు ఒక చోట, అడ్రస్‌లో వచ్చినవి 'ఆర్గ్స్' కింద ఇంకో చోట కనిపిస్తాయి. అక్కడికి మాత్రం నిజమైన కీ పంపొద్దు, 'ఉప్మా123' లాంటిది చాలు.

మిగతావి తొందరగా చెప్తాను. హెడర్ పేరులో పెద్ద అక్షరమా చిన్న అక్షరమా అన్నది లెక్కలోకి రాదు. పేరులో అండర్‌స్కోర్ వాడకండి, హైఫన్ వాడండి. ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్ మామూలు సెట్టింగ్‌లో అండర్‌స్కోర్ ఉన్న హెడర్‌ని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. సొంత హెడర్ పేరుకి ముందు 'ఎక్స్' తగిలించే పాత పద్ధతిని కొత్త పేర్లకు వాడొద్దని 2012లోనే ఆర్‌ఎఫ్‌సీ 6648 అనే ఇంటర్నెట్ పద్ధతుల పత్రం చెప్పింది. కానీ సర్వీసు డాక్యుమెంట్‌లో ఎక్స్ ఉంటే ఉన్నట్టే రాయండి. ఆథరైజేషన్ హెడర్‌లో 'బేరర్' తర్వాత ఒక ఖాళీ, ఆపైన టోకెన్ (కీ లాంటిదే). విలువ అంకె అయినా స్ట్రింగ్‌గానే ఇవ్వాలి. కీని ఫైల్‌లోంచి చదివితే చివర కొత్త లైన్ అంటుకుని రావచ్చు, స్ట్రిప్ చేసి తీసేయండి.

నేనైతే ప్రతి సర్వీసుకి ఒక సెషన్ (హెడర్లు గుర్తుంచుకునే రిక్వెస్ట్స్ వస్తువు) తెరిచి, హెడర్లు దానికే ఒక్కసారి అప్పజెప్తాను. కాల్ కాల్‌కీ రాస్తే ఎక్కడో ఒకచోట మర్చిపోతాం. ఒకే సెషన్‌తో రెండు సర్వీసులను మాత్రం పిలవకండి, మొదటివాళ్ల కీ రెండోవాళ్లకి అందుతుంది.

అభ్యాసం రెండు భాగాలు. మొదటిది: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాళ్ల నామినాటిమ్‌ని (ప్రాంతం పేరిస్తే స్థానం చెప్పే సర్వీసు) అడిగి మడివాళ, కె.ఆర్. పురం, యశవంతపురతో కలిపి పది ప్రాంతాల అక్షాంశ రేఖాంశాలు తెచ్చుకోండి. లైబ్రరీ దానంతటది పెట్టే యూజర్-ఏజెంట్‌ని (అడుగుతున్న ప్రోగ్రాం ఏదో చెప్పే హెడర్) వాళ్లు ఒప్పుకోరు, మీ ప్రోగ్రాం పేరు పెట్టండి. సెకనుకి ఒకటికి మించి పంపకూడదు. వచ్చిన జవాబులు ఫైల్‌లో దాచుకుని, రెండోసారి అందులోంచే చదవండి.

రెండోది కష్టం, సాయంత్రమంతా పడుతుంది. హెచ్‌టీటీపీబిన్‌లో 'రీడైరెక్ట్-టు' అనే అడ్రస్ ఉంది, పిలిస్తే ఇంకో అడ్రస్‌కి పంపేస్తుంది. దాని ద్వారా పోస్ట్‌మ్యాన్ ఎకో సైట్‌కి (ఇదీ అందినదాన్ని తిరిగి చూపిస్తుంది) దారి మళ్లించండి. ఉత్తుత్తి విలువలతో రెండు హెడర్లు పంపండి: ఒకటి ఆథరైజేషన్, ఇంకోటి 'ఎక్స్-ఏపీఐ-కీ'. అవతలికి ఏది చేరుతుందో ముందు కాగితం మీద రాసుకుని అప్పుడు నడపండి. హోస్ట్ (అడ్రస్‌లోని సైట్ పేరు) మారగానే రిక్వెస్ట్స్ ఆథరైజేషన్‌ని తీసేస్తుంది, రెండోదాన్ని మాత్రం తెలియని సైట్‌కి కూడా మోసుకెళ్తుంది. మీ తెరమీద అది కనబడ్డాక, రీడైరెక్ట్‌లను ఆపి, కొత్త అడ్రస్‌ని మీరే పరిశీలించి, మన హోస్ట్ అయితేనే ముందుకెళ్లే ఫంక్షన్ రాసి తీసుకురండి. ఎనిమిదో పాఠం ఆ ఫంక్షన్‌తోనే మొదలవుతుంది.