గళ్లనుడికట్టులో సేనలు, కొలతలు: ఆధారాలు విప్పడం ఎలా?

గళ్లనుడికట్టు (క్రాస్‌వర్డ్) నింపేవారిని ఎక్కువగా ఆపేసేవి పాతకాలపు సైన్య విభాగాలు, పాతకాలపు కొలతలు. నిజానికి ఇవే తేలిక. జాబితా చిన్నది, కూర్పరులు తిప్పి తిప్పి అవే ఇస్తారు.

ముందు గళ్లు లెక్కపెట్టండి. గుణింతం, ఒత్తు, సున్న ఎన్ని కలిసినా అక్షరానికి ఒకటే గడి. అక్షౌహిణికి నాలుగు, గుల్మానికి రెండు. చివరి పొల్లుకు సాధారణంగా విడిగా గడి ఇస్తారు కాబట్టి వరంగల్ దగ్గర పోలీసు దళాలుండే మామునూరు వైపు రోజూ వినిపించే ‘బెటాలియన్’కు ఐదు కావాలి. మూడే ఉన్నాయా? ‘పటాలం’ వేసి చూడండి.

తర్వాత సేనల వరుస నోటికి పట్టండి: పత్తి, సేనాముఖం, గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు, అనీకిని, అక్షౌహిణి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాలిబంట్లు కలిస్తే పత్తి. అక్కడి నుంచి అనీకిని దాకా మెట్టు మెట్టుకూ మూడింతలు, ఆఖరిది మాత్రం పదింతలు. అందుకే అక్షౌహిణికి 21,870 రథాలు. ఆధారంలో ‘81 రథాల సేన’ అని కనబడితే నిఘంటువు తీయనక్కర్లేదు, వేళ్ల మీద లెక్కేస్తే వాహిని తేలుతుంది.

కొలతలకు ఇంట్లో నానమ్మనో అమ్మమ్మనో అడగడం మేలు. సోలెడు, తవ్వెడు, మానెడు, కుంచెడు, జానెడు, మూరెడు, బారెడు, బెత్తెడు అన్నీ మూడక్షరాలే, అన్నింటి చివరా ‘డు’. మూడో గడిలో ‘డు’ పెన్సిల్‌తో రాసి, అడ్డొచ్చే మాట కోసం ఆగండి. రెండే గళ్లుంటే సోల, మూర, జాన. భూమి కొలత అడిగితే గుంట: 121 చదరపు గజాలు, ఎకరంలో 40వ వంతు. పొలం ఉన్నవారికి ఇది చెప్పనే అక్కర్లేదు.

అసలు తిరకాసు, ఆ మాటకొస్తే అసలు సరదా, రెండర్థాల మాటలతోనే. ‘ఏనుమాముల మార్కెట్‌కు మూటలుగా వచ్చే సేన’ అంటే పత్తి (ఏనుమాముల వరంగల్‌లోని పత్తి మార్కెట్). ‘తొండమున్న కొలత’ గజం. ‘పద్యంలోనూ కనిపించే దళం’ గణం. ఉత్త పర్యాయపదం అడిగే ఆధారాల్లో ఈ రుచి ఉండదు.

‘వెనుదిరిగిన’, ‘తిరగబడ్డ’ అని ఉంటే అక్షరాలను చివరి నుంచి వేయండి. ‘వెనుదిరిగిన ఏనుగు’కు రెండు గళ్లలో ‘జంగ’ అని పడుతుంది. అర్థం లేదని చెరిపేయకండి, ఆ ‘గ’ నుంచి నిలువుగా ‘గణం’ దిగుతుందేమో చూడండి.