సరిహద్దు ఊళ్లలో సాయంత్రపు బడి: మొదలుపెట్టడం, నిలబెట్టడం

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల ఊళ్లలో పిల్లలకు ఇంట్లో తెలుగో సవరో, బడిలో ఒడియా. అమ్మానాన్నలు చెన్నైకో కేరళకో పనికి పోతే మామ్మ దగ్గర పెరిగే పిల్లలు, తండ్రి లేని పిల్లలు, చెల్లిని చంకనేసుకుని బడికొచ్చే ఆడపిల్లలు ఐదో తరగతికి వచ్చినా ఒక పేరా చదవలేకపోతున్నారు. తెలివి లేక కాదు. రెండో తరగతిలో ఆగిపోయినచోటు నుంచి వాళ్లను చెయ్యిపట్టి తీసుకెళ్లే తీరిక ఎవరికీ లేక. సాయంత్రపు బడి పెట్టేది అందుకే. బడిలో చెప్పిన పాఠాన్ని మళ్లీ చెప్పడానికి, హోంవర్కు రాయించడానికి అయితే వద్దు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో అక్కడ మొదలుపెట్టాలి, ఆమెకు తెలిసిన భాషలో చెప్పాలి, రోజూ అదే మనిషి కనిపించాలి. ఈ మూడూ కుదరకపోతే మొదలుపెట్టకపోవడమే మేలు. ఇప్పటికే ఒకరిద్దరు పెద్దవాళ్లు వదిలేసి వెళ్లిన పిల్లల్ని ఇంకొకరు నెల తిరక్కుండా వదిలేస్తే అది సాయం కాదు.

మనుషులు, చోటు, వేళ

పాతికమంది పిల్లలకు ముగ్గురు వాలంటీర్లు కావాలి. ఇద్దరు రోజూ ఉండాలి, మూడో మనిషి ఎవరైనా రాలేనప్పుడు రావాలి. కనీసం ఒక విద్యాసంవత్సరం ఉంటామన్నవాళ్లనే తీసుకోండి. డిగ్రీ చదివి ఊరు వదలబోయే కుర్రాడికన్నా ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్న కోడలు నయం. ఒకరికైనా ఒడియా చదవడం, రాయడం బాగా రావాలి. సవర పిల్లలుంటే సవర మాట్లాడేవాళ్లు ఒకరు తప్పనిసరి. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారుగా ఉన్నప్పుడు సవర నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన చేసింది ఈ నేల మీదే కాబట్టి మనకు కుదరదనడానికి సాకు లేదు.

మొదట కలవాల్సింది హెడ్మాస్టరును. తర్వాత వార్డు మెంబరును, మహిళా సంఘం పెద్దను, అంగన్‌వాడీ దీదీని, ఆశా దీదీని. చోటు ఊరి మధ్యలో నలుగురికీ కనిపించేలా ఉండాలి. బడి వరండా గానీ, సంఘం ఇల్లు గానీ, కోవెల మండపం గానీ. కోవెల అయితే ఊళ్లో అన్ని వీధుల పిల్లలూ అక్కడ మనసులో బెదురు లేకుండా కూర్చోగలరా అని ముందే కనుక్కోండి. ఎవరి వీధి పిల్లలు రావడం లేదో మొదటి వారంలోనే తెలిసిపోతుంది, అప్పుడు చోటు మార్చడానికి మొహమాటపడొద్దు.

ఇక్కడ పొద్దు తొందరగా గూకుతుంది. డిసెంబరులో ఐదుంబావు అయ్యేసరికి మసక చీకటి. బడి నాలుగింటికి విడిస్తే నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరుకు ముగించండి, చలికాలంలో ఐదున్నరకే. ఏప్రిల్‌లో పొద్దుటి బడి పెట్టాక సాయంత్రం ఐదుకు జరపండి. చీకటి దారిలో ఎవరినీ ఒంటరిగా పంపొద్దు. ఒక వీధి పిల్లలంతా కలిసి వెళ్లాలి, వెనక టార్చితో ఒక పెద్ద మనిషి ఉండాలి. చాపలు పరిచే ముందు దులపండి. వానాకాలంలో కట్లపాము చాప మడతల్లోకీ చేరుతుంది. ఎవరినైనా కరిస్తే కట్టు కట్టడం, గాటు పెట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

సంత రోజున హాజరు పడిపోతుంది. ఆ రోజు సెలవివ్వండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు ఏరడానికీ, తర్వాత జీడి తోటలకూ, కార్తీకం దాటాక వరి కోతలకూ పిల్లలు పోతారు. ఆ వారాల్లో వచ్చినవాళ్లతో ఆటలు, కథలు నడపండి, కొత్త పాఠం మొదలుపెట్టకండి. ఆలస్యంగా వచ్చిన పిల్లను ఏ రోజూ వెనక్కి పంపకండి, ఆమె ఇంటి పని ముగించుకుని వచ్చింది.

ఎవరికి ఎంత వచ్చో చూడడం

తరగతి చూసి కూర్చోబెట్టకండి. ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, ఐదారు నిమిషాలు మాట్లాడుతూ చదివించండి. పాతికమందికి మూడు సాయంత్రాలు పడుతుంది. ఇందుకు ఒక అట్ట చాలు. ఒకటో తరగతి స్థాయి నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి చిన్న కథ, పది తేలిక మాటలు, పది అక్షరాలు, అన్నీ ఒడియాలో రాయండి. ముందు పేరా ఇవ్వండి. తడబడకుండా, మూడు తప్పులకు మించకుండా చదివితే కథ ఇవ్వండి. పేరా రాకపోతే మాటలు, వాటిలో తనకు నచ్చినవి ఐదు చదవమనండి. నాలుగు సరిగ్గా వస్తే ఆమె మాటల గుంపు. అదీ రాకపోతే అక్షరాలు, ఐదింటికి నాలుగు. ఇది ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ 2005 నుంచి అసర్ అనే పిల్లల చదువు సర్వేలో వాడుతున్న కొలత. లెక్కకూ అలాగే: 1 నుంచి 9, 11 నుంచి 99 వరకు అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెలను ఒక అంకెతో భాగించడం.

ఇప్పుడు ఆ స్థాయిని బట్టి గుంపులు చెయ్యండి. ఐదో తరగతి పిల్లవాడు అక్షరాల గుంపులో మూడో తరగతి పిల్లల పక్కన కూర్చోవాల్సి వస్తుంది. అవమానపడకుండా గుంపులకు చెట్ల పేర్లో పిట్టల పేర్లో పెట్టండి, పరీక్ష ఫలితం ఎవరి ముందూ చదవకండి. ఇదే పద్ధతి ఇక్కడి నుంచి ఆఫ్రికాకు వెళ్లింది. జాంబియా ప్రభుత్వం 2016లో క్యాచ్ అప్ పేరుతో మొదలుపెట్టి, 3 నుంచి 5 తరగతుల పిల్లల్ని రోజుకో గంట తరగతితో పని లేకుండా, స్థాయిని బట్టి కూర్చోబెడుతోంది. అక్కడి పల్లెల్లోనూ ఇంటి భాష ఒకటి, పై తరగతుల భాష మరొకటి. అందుకని ఆ గంట స్థానిక భాషలోనే నడుపుతారు. నెలకోసారి అదే అట్టతో మళ్లీ చూసి, పైకి వెళ్లాల్సినవాళ్లను ఆ రోజే మార్చండి. చాలాచోట్ల పని కుంటుపడేది ఇక్కడే. మొదటి పరీక్ష అందరూ చేస్తారు, రెండోది చెయ్యరు, గుంపులు గడ్డకట్టి మళ్లీ తరగతుల్లా తయారవుతాయి.

ఒడియా చదవడంలో మన పిల్లలు తడబడేచోట్లు

ముందు ఏ లిపి నేర్పాలన్న ప్రశ్న ప్రతి కేంద్రంలోనూ వస్తుంది. మా అభిప్రాయం ఇదీ: బడిలో రోజూ ఎదురయ్యే ఒడియా లిపి ముందు, దాని అర్థం చెప్పడం మాత్రం ఇంటి భాషలో. ఒడియాలో పేరా చదివిన పిల్లలకు తెలుగు అక్షరాలు మొదలుపెట్టండి. వర్ణమాల వరుస రెండింటిదీ దాదాపు ఒకటే కాబట్టి వాళ్లు తొందరగా అందుకుంటారు.

మన పిల్లలు మూడుచోట్ల పదే పదే తప్పుతారు. ఒడియాలో తలకట్టు అక్షరాన్ని మన ‘ఒ’కు దగ్గరగా పలుకుతారు. ‘ఘర’ అని రాసింది చెవికి ఘొరొ అని వినిపిస్తుంది. తెలుగు పిల్ల విన్నది విన్నట్టు ఓకారం పెట్టి రాస్తుంది, మాస్టారు కొట్టేస్తాడు, తప్పెక్కడో ఆమెకు తెలియదు. రెండు, ఒడియా పలుకులో హ్రస్వ దీర్ఘ ఇకారాలకూ ఉకారాలకూ తేడా లేదు గానీ రాతలో ఉంది. చెవిని నమ్మే తెలుగు పిల్లకు ఇది దెబ్బ. దీర్ఘాలున్న మాటలు చెప్పి రాయించడం వల్ల లాభం లేదు, అట్ట మీద రాసి కళ్లకు అలవాటు చెయ్యాలి. రోజుకు ఐదు మాటలు చాలు.

మూడోది అంకెల్లో. ఒడియా 4 చూడ్డానికి మనం రాసే 8లా ఉంటుంది. బడి పుస్తకంలో ఒడియా అంకెలు, సెల్‌ఫోన్‌లో, బస్సు మీద మామూలు అంకెలు. రెండు వరుసలూ ఒక అట్ట మీద ఒకదాని కింద ఒకటి రాసి గోడకు తగిలించండి. ఇంకా కష్టం అంకెల పేర్లతో. తెలుగులో ఇరవై ఆరు అంటే ఇరవై ముందు, ఆరు వెనక, రాసే వరుస కూడా అదే. ఒడియాలో ఛబిశ అన్నప్పుడు ఆరు ముందు వినపడుతుంది, పిల్లవాడు 62 రాస్తాడు. అందుకని పదుల లెక్క తెలుగులో చెప్పి, చేతికి పుల్లలివ్వండి. చీపురు పుల్లలు వేలెడు పొడవున విరిచి, పదేసి కట్టలు కట్టండి. గుంపుకు పది కట్టలు, ఇరవై విడి పుల్లలు. తీసివేతలో అప్పు తేవడం అంటే ఒక కట్ట విప్పడం. కాగితం మీద గుర్తులు చేయించే ముందు వారం రోజులు కట్టలే విప్పించండి.

తొంభై నిమిషాలు ఇలా గడిస్తే బాగుంటుంది: చేతులు కడుక్కుని తినడం పావుగంట, పాటో ఆటో పది నిమిషాలు, చదువు ముప్పై ఐదు, లెక్కలు ఇరవై, చివర పది నిమిషాలు మీరు గట్టిగా చదివే కథ. కథను తెలుగులో చెప్పి, మర్నాడు అదే ఒడియాలో చదవండి. హోంవర్కు కోసం పిల్లలు ఒత్తిడి చేస్తారు. అది తొంభై నిమిషాల్లోకి రానివ్వకండి, కావాలంటే ముందో వెనకో పావుగంట ఉండి చూడండి. చెల్లినో తమ్ముడినో తీసుకొచ్చే పిల్లల కోసం ఒక చాప పక్కన పరిచి, చింతపిక్కలు కాకుండా పెద్ద బొమ్మలు పెట్టండి. పిక్కలు నోట్లోకి, ముక్కులోకి పోతాయి.

తిండి, నీళ్లు, జ్వరం

తిండి మొదటే పెట్టండి. ఆకలితో ఉన్న పిల్ల అక్షరం చూడదు. తిని వెళ్లిపోయేవాళ్లు కొందరుంటారు, పాటలో ఆటలో పడితే వాళ్లే ఆగుతారు. చివర పెడితే చిన్నపిల్లలు ఏడుస్తూ కూర్చుంటారు.

పాతికమందికి ముప్పావు కిలో శనగలు ముందురోజు రాత్రి నానబెట్టి, ఉప్పేసి కుక్కరులో ఐదు కూతలు రానివ్వండి. మనిషికి గుప్పెడున్నర వస్తుంది. పావుకిలో బెల్లం ముక్కలు పక్కన. ఎండాకాలంలో నానిన నీళ్లు పొద్దున్న మార్చకపోతే నురగ కట్టి వాసనొస్తుంది. మర్నాడు చోడి (రాగి) అంబలి: నాలుగు లీటర్ల నీళ్లకు 400 గ్రాముల చోడిపిండి. పిండిని ముందు చన్నీళ్లలో కలిపి ఆ తర్వాతే మరిగే నీళ్లలో పొయ్యండి, లేకపోతే ఉండలు కడుతుంది. పది నిమిషాలు ఉడకాలి. చోళ్లు ఇక్కడి సంతలో ఎప్పుడూ దొరుకుతాయి. నాలుగేళ్లలోపు పిల్లలకు వేరుశనగ గింజలు, గట్టి శనగలు పెట్టొద్దు, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు అంబలే.

మాత్రలేవీ కేంద్రంలో ఉంచొద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు, గాజుగుడ్డ, సబ్బు, థర్మామీటరు చాలు. ఇది మలేరియా నేల. జ్వరం తగిలిన పిల్లకు అదే రోజు ఆశా దీదీ చేత రక్తపరీక్ష చేయించండి. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్న పిల్లలు ఈ కొండ ఊళ్లలో ఉంటారు. ఇంట్లోవాళ్లు చెబితే గుర్తుపెట్టుకుని, ఎండలో పరుగుపందాలు పెట్టకండి, నీళ్లు తరచూ తాగించండి, జ్వరమో ఒళ్లునొప్పులో అంటే ఆగకుండా ఆసుపత్రికి పంపండి.

పిల్లల భద్రత

వాలంటీరు ఎవరూ ఏ పిల్లతోనూ తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, బండి మీద ఒక్కరినీ ఎక్కించుకు వెళ్లకూడదు. ఎంత మంచి మనిషికైనా ఇదే నియమం. కొట్టడం, తిట్టడం, ఎండలో నిలబెట్టడం ఉండకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు ‘రెండు తగిలించు బాబూ’ అన్నా సరే. ముఖాలు కనిపించే ఫొటోలు చందా కోసం వాట్సాప్‌లో పెట్టకండి.

పిల్ల ఏదైనా చెడు జరిగిందని చెబితే మధ్యలో ప్రశ్నలు వెయ్యకుండా వినండి. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి, మీరు ఆ మాట నిలబెట్టుకోలేరు. లైంగిక వేధింపు అయితే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత, చెప్పకపోవడం నేరం. పిల్ల అన్న మాటల్ని అన్నట్టే ఆ సాయంత్రమే రాసిపెట్టి, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యండి. అది రాత్రీపగలూ పనిచేస్తుంది. పద్నాలుగు పదిహేనేళ్ల అమ్మాయి ఉన్నట్టుండి మానేసి, ఇంట్లో పెళ్లి మాటలు వినపడితే అదే నంబరు.

తండ్రి పోయిన పిల్లలకు, తల్లీతండ్రీ లేక బంధువుల దగ్గరున్న పిల్లలకు మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా పిల్లల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. మామ్మకు రాయడం రాదు, ఆఫీసు తెలియదు. ఆ కాగితాలు నింపి ఆమె వెంట వెళ్లడం వాలంటీరు చెయ్యగల పనుల్లో చాలా పెద్దది.

వలస వెళ్లేటప్పుడు, మీరు వెళ్లేటప్పుడు

దసరా దాటాక కొందరు పిల్లలు అమ్మానాన్నలతో వెళ్లిపోతారు. వెళ్లే ముందు బడి నుంచి టీసీ తెప్పించండి. టీసీ రావడం ఆలస్యమైనా చేర్చుకోవడం ఆపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది, ఆ సంగతి తల్లిదండ్రులకు నోటితో చెప్పండి. పిల్ల ఏ గుంపులో ఉందో, ఏ లిపి చదువుతుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక చిన్న కథల పుస్తకం కూడా.

వాలంటీరు మానెయ్యాల్సి వస్తే నెల ముందు కేంద్రాన్ని చూసుకునే ఊరి కమిటీకి, రెండు వారాల ముందు పిల్లలకు చెప్పాలి. ఆ రెండు వారాలూ కొత్త మనిషి పక్కనే కూర్చుని ఒక్కొక్క గుంపును అందుకోవాలి. హాజరు పుస్తకం, నెలవారీ స్థాయిల పట్టిక, ఏ పిల్లను ఎవరు ఇంటికి తీసుకెళ్తారో రాసిన జాబితా, తాళంచెవి, ఈ నాలుగూ కమిటీ ముందు చేతులు మారాలి.