ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటే ముందు అడ్రస్ చూడండి

అమలాపురంలో మాది చిన్న జిరాక్స్ షాపు. పొద్దున్నే అడంగల్ కోసం రైతులు, హాల్ టికెట్ల కోసం పిల్లలు వస్తారు. గాలివానకి కరెంటు పోయి వచ్చిందంటే చాలు, మా వైఫై ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపించేది. నేను డ్రైవర్, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, తీసేసి మళ్లీ ఎక్కించేవాణ్ని. అరగంట పోయేది. ఎదురుగా లంకల నుంచి వచ్చిన పెద్దాయన బస్సు టైమవుతోందని నిలబడి ఉంటే ఒకటే టెన్షన్. చాలాసార్లు డ్రైవర్‌కి ఏమీ కాదని ఆలస్యంగా తెలుసుకున్నాను.

వైఫైలో ఉన్న ప్రతిదానికీ రౌటర్ ఒక ఐపీ అడ్రస్ ఇస్తుంది, అంటే ఆ నెట్‌వర్క్‌లో దాని ఇంటి నంబరులాంటిది. కరెంటు పోయి వచ్చాక అది మారిపోవచ్చు. నిన్న 192.168.1.5లో ఉన్న ప్రింటర్‌కి ఇవాళ 192.168.1.8 వస్తుంది. కంప్యూటర్ మాత్రం ఇంకా ఆ 5 దగ్గరే వెతుకుతుంటుంది.

అందుకని ముందు ప్రింటర్ నుంచే నెట్‌వర్క్ రిపోర్ట్ తీయండి. ఏ బటన్ నొక్కాలో మోడల్‌ని బట్టి ఉంటుంది. కాగితం శుభ్రంగా వచ్చిందంటే మెషీన్ బాగున్నట్టే. అందులోని ఐపీ అడ్రస్‌నీ, కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్‌లో ఉన్న అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్ ఎంచుకుని కొత్త అంకెలు కొట్టండి. రిపోర్ట్‌లో అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ అసలు అడ్రస్ ఇవ్వలేదన్నమాట. అప్పుడు ప్రింటర్‌ని వైఫైకి మళ్లీ కలపాలి.

ఇది మళ్లీ మళ్లీ రాకుండా ఉండాలంటే రౌటర్ సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్ పెట్టండి. ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి, అంటే ఆ మెషీన్‌కి తయారీలోనే ఇచ్చిన నంబరుకి, ఒకే ఐపీ ఖాయం చేసేయడమే. నేను చేసింది ఈ ఒక్క పనే, కరెంటు ఎన్నిసార్లు పోయినా ఆ గొడవ మళ్లీ రాలేదు.

కొత్త రౌటర్ పెట్టాక ప్రింటర్‌కి వైఫై పేరే కనిపించకపోతే రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ అనే వైఫై బ్యాండ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ అందదు. ప్రింటర్ యూఎస్‌బీ వైరుతో కలిపి ఉంటే, మధ్యలో ఉన్న హబ్ (ఎక్కువ వైర్లు గుచ్చుకునే పెట్టె) తీసేసి నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి.

క్యూలో ఇరుక్కున్న ఫైలు క్యాన్సిల్ కొట్టినా పోకపోతే, విండోస్ సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ప్రింట్లని వరసలో పెట్టి పంపే ప్రోగ్రామ్) ఆపండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్ మీదుగా ప్రింటర్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి లోపలి ఫైళ్లు తీసేయండి. ఫోల్డర్‌ని మాత్రం ముట్టుకోవద్దు. తర్వాత స్పూలర్‌ని స్టార్ట్ చేయండి.

ఆ రిపోర్ట్ కాగితం దాచుకోండి. రౌటర్ మార్చిన రోజు మ్యాక్ అడ్రస్ దాంట్లోనే దొరుకుతుంది. మాది ప్రింటర్ పక్కన గోడకి టేపుతో అంటించాను. నేను భోజనానికి వెళ్లినా మా తమ్ముడు దాన్ని చూసి సరిచేసేస్తాడు.